ఇంటి మాటతో మొదలయ్యే బడి

ఆదివారాలు మా సంఘం గదిలో పిల్లలకు తెలుగు చెబుతుంటాం. పోయిన నెల ఒక పాప నేను అని రాయాల్సిన చోట నాను అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మా అమ్మ పోయేదాకా నాను అనే అంది. ఆగస్టు 29 దగ్గర పడుతోంది కదా, ఆ ఎర్ర గీత గిడుగు రామమూర్తి పంతులు గారి కంట పడి ఉంటే నా పరిస్థితి ఏమిటా అనుకున్నాను.

పంతులు గారు 1863లో ఆ రోజునే పుట్టారు. ఊరు శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేట. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావు గారు అక్కడ సహాధ్యాయి. మెట్రిక్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతుల మేష్టారుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. దాకా చదివారు. (డిపార్టుమెంటు పరీక్ష రెండుసార్లు తప్పిన గుమాస్తాను, ఆ కష్టం నాకు తెలుసు.) ముఖలింగం గుళ్లో శాసనాలు చదవడానికి పాత లిపులు కూడా పట్టుబట్టి నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. వాళ్లకు చదువు చెప్పాలని పంతులు గారికి బుద్ధి పుట్టింది. అంతటితో ఆగితే గొప్పేమీ లేదు. తెలుగు నేర్పి ఆ తర్వాత చదువు చెబుదామని ఆయన అనుకోలేదు. ముందు తానే సవర నేర్చుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నారు. ఆ భాషకు రాత లేదు. తెలుగు అక్షరాల్లో వాచకాలు, కథలు, పాటలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైను మింగి మింగి చెవుడు కూడా తెచ్చుకున్నారు. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆ లోటు వచ్చింది చూడండి. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బు సవరల బడికి వాడమని చెప్పారు. ఆ తర్వాత సవర వ్యాకరణం, నిఘంటువు కూడా అచ్చయ్యాయి.

ఆయన మనసులో ఉన్న బడి అదే. పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న మాటను గుమ్మం దగ్గరే విడిచిపెట్టి లోపలికి రానక్కర్లేని బడి.

తెలుగు పిల్లలకే అలాంటి బడి లేదని తర్వాత తేలింది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు ఒక అనుమానం కలిగింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, ఎందుకు? మేష్టార్లు పాఠం వివరించేది వాడుక మాటల్లో, పిల్లలు పరీక్షలో రాయాల్సింది గ్రాంథికంలో. పంతులు గారు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను వదల్లేదు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక భాషలో రాయవచ్చని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారి వర్గం గట్టిగా ఎదిరించడంతో ఆ అనుమతి వెనక్కి పోయింది. 1919లో గిడుగు తెలుగు అనే పత్రిక పెట్టి పోరాటం సాగించారు. గ్రాంథికం రాకపోవడం వల్ల ఆయన ఇదంతా చేశారనుకుంటే పొరపాటు. పండితుల రాతల్లో తప్పులు వాళ్ల వ్యాకరణంతోనే ఎత్తి చూపించారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. పంతులు గారు అందుకు ఒప్పుకోలేదు. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒడిశాలోనే పుట్టి పెరిగిన మాకు ఈ ఘట్టం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన వెళ్లారు, మా పెద్దవాళ్లు ఉండిపోయారు. సవర పిల్లలకు ఆయన అడిగినదే ఇప్పుడు మా పిల్లలకు అడుగుతూ మేం అర్జీలు పెడుతున్నాం.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికల వాళ్లను కూర్చోబెట్టుకుని వాడుక భాష గురించే మాట్లాడారు. వారం తిరిగేసరికి, 22న, కన్నుమూశారు.

ఈ 29న మా గదిలో పిల్లలు తమ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే నాలుగు ముక్కలు రాసుకొచ్చి చదువుతారు. ఆ పాపే ముందు. నోటుబుక్కులో నేను కొట్టేసిన మాట పక్కన మళ్లీ నాను అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.