లూయీ బ్రెయిల్

ఇంద్రియములన్నిటిలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. కన్ను లేనివానికి వెలుగు కానరాకపోవుట యొక్కటే కష్టము కాదు. చదువు అందకపోవుట అంతకంటె పెద్ద కష్టము. పూర్వకాలమున పెక్కు దేశములలో అంధుల గతి ఒక్క తీరుగనే యుండెను. కలవారి యింట బుట్టినవారు ఒరులు చదివి వినిపింపగా వినెడివారు. పేదలు వీథులవెంట బిచ్చమెత్తి బ్రదికెడివారు. పుస్తకమును తన చేతితో తెఱచి, తనంతట తాను చదువుకొను భాగ్యము వారికి లేకుండెను. ఆ భాగ్యమును వారికి కలిగించిన మహనీయుడు లూయీ బ్రెయిల్. ఆతడును అంధుడే.

లూయీ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు తూర్పుగా నున్న కూవ్రే యను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి పేరు సిమోన్ రెనే, తల్లి పేరు మొనీక్. నలుగురు బిడ్డలలో లూయీయే కడగొట్టువాడు. తండ్రి గుఱ్ఱములకు జీనులును కళ్లెములును తయారుచేసి కుటుంబమును పోషించుచుండెను. బాలునకు మూడేండ్ల వయస్సున ఒక ఘోరప్రమాదము సంభవించెను. తండ్రి పనిచేయు గదిలో ఆడుకొనుచు, ఆయనవలె తానును తోలునకు రంధ్రము చేయగోరి, వాడియైన ఆరెను చేతబట్టెను. అది జాఱి కంటిలో గ్రుచ్చుకొనెను. గాయము కుళ్లకుండ కాపాడు మందులు ఆ కాలమున లేవు. ఒక కంటి వ్యాధి రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు వచ్చునప్పటికి బాలుని రెండు కన్నులును పోయెను.

తలిదండ్రులు మిక్కిలి దుఃఖించిరి. అయినను బిడ్డను మూల కూర్చుండబెట్టలేదు. తండ్రి ఆతనికి చేతికఱ్ఱలు చెక్కి యిచ్చెను. ఆ కఱ్ఱతో నేలను తట్టుచు, ధ్వనినిబట్టి దారి గుర్తించుచు, బాలుడు ఊరిలో తిరుగ నేర్చెను. గ్రామమందలి మతాచార్యుడగు పాల్వీ యనునాతడు బాలుని చురుకుదనమును గమనించి కొంతకాలము తానే పాఠములు చెప్పెను. పిదప లూయీ ఊరిబడిలో చేరెను. విన్న పాఠమును మఱువక అప్పగించుటలో ఆతడు మేటి. కాని పుస్తకము తెఱచి చదువవలసిన వేళ, పలకపై వ్రాయవలసిన వేళ, ఆతని చేతులు ఊరక యుండెడివి. జ్ఞాపకశక్తి యెంత గొప్పదైనను అక్షరమునకు బదులు కాజాలదు.

పారిస్ నగరమున అంధబాలుర కొఱకు ఒక పాఠశాల కలదు. దానిని 1785లో వాలెంటిన్ హాయీ యను దయాళువు స్థాపించెను. 1819 ఫిబ్రవరి మాసమున, పదేండ్ల ప్రాయమున, లూయీ అందు ప్రవేశించెను. ఆ భవనము పాతది, తేమ నిండినది. అందలి జీవితము కఠినమైనది. అయినను చదువు దొరకునన్న ఆశతో బాలుడు అన్నిటిని ఓర్చుకొనెను. హాయీ కల్పించిన పద్ధతి యొకటి అక్కడ వాడుకలో నుండెను. తడి కాగితమును పెద్ద పెద్ద అచ్చులపై నదిమి, అక్షరములు పైకి ఉబ్బియుండునట్లు చేసెడివారు. విద్యార్థులు వానిని వ్రేళ్లతో తడవి చదివెడివారు. ఆ పుస్తకములు మిక్కిలి బరువైనవి. లెక్కకు కొన్ని మాత్రమే. ఒక్కొక్క అక్షరపు వంపులను తడవి తెలిసికొనునప్పటికి చాల సేపు పట్టెడిది. వాక్యము తుదకు చేరునప్పటికి మొదలు మఱపునకు వచ్చెడిది. మఱియు ఆ విధమున వ్రాయుట వారికి సాధ్యము కాదు. ఆ అక్షరములు కంటికొఱకు పుట్టినవే కాని వ్రేలికొఱకు పుట్టినవి కావు. లోపము ఇక్కడ నున్నదని లూయీ గ్రహించెను.

1821లో షార్ల్ బార్బియే యను సైన్యాధికారి తాను కల్పించిన యొక లిపిని ఆ పాఠశాలకు తెచ్చెను. అది ఉబ్బెత్తు చుక్కల లిపి. చీకటిలో దీపము లేకయే చేతితో తడవి చదువుటకు వీలగుటచే దానికి రాత్రి వ్రాత యని పేరు వచ్చెను. రెండు నిలువు వరుసలలో, వరుసకు ఆఱు చొప్పున, పండ్రెండు చుక్కలవఱకు అందు వాడెడివారు. గీతలకంటె చుక్కలు వ్రేలికి సులభముగా తెలియునని అంధ విద్యార్థులు వెంటనే గుర్తించిరి. కాని అందు లోపములు లేకపోలేదు. అది ధ్వనులను తెలుపునే గాని మాటల అక్షరక్రమమును తెలుపదు. అంకెలకును, విరామచిహ్నములకును, సంగీతమునకును అందు చోటు లేదు. పండ్రెండు చుక్కల గుర్తు వ్రేలికొనకు మించినదగుటచే, చదువువాడు ప్రతి గుర్తుకడను వ్రేలిని పైకిని క్రిందికిని జరుపవలసి యుండెను.

అప్పటికి లూయీ వయస్సు పండ్రెండేండ్లు. ఆ చుక్కలనే తీసికొని అంధుల వ్రేలికి తగిన లిపిని కల్పింపవలెనని ఆతడు నిశ్చయించుకొనెను. పగలు పాఠములు, రాత్రులందును సెలవులలోను చుక్కలతో పరిశోధన. సెలవులకు ఊరికి పోయినప్పుడును కాగితమును, సూదిని విడువలేదు. 1824 నాటికి, పదునైదేండ్ల బాలుడై యుండగనే, తన పద్ధతిని చాలవఱకు పూర్తిచేసెను.

ఆ పద్ధతి మిక్కిలి సరళమైనది. పండ్రెండు చుక్కలకు బదులు ఆఱే చుక్కలు. ఎడమప్రక్క పైనుండి క్రిందికి మూడు, కుడిప్రక్క మూడు. ఆ యాఱును వ్రేలికొన క్రింద ఒక్కమాఱే ఇమిడిపోవును. ప్రతి చుక్కయు ఉండవచ్చును, లేకపోవచ్చును. ఈ విధమున కలుపగా అఱువదిమూడు గుర్తులు ఏర్పడును. ఫ్రెంచి అక్షరములలో మొదటి పదింటిని పైనున్న నాలుగు చుక్కలతోనే కూర్చెను. వానికే ఎడమప్రక్క క్రింది చుక్కను చేర్చగా తరువాతి పది అక్షరములు వచ్చెను. కావున పది గుర్తులు నేర్చినవానికి తక్కినవి సులభముగా వశమగును. ఈ లిపిని వ్రాయుటకు పలకవంటి చట్రమును, మొనగల చిన్న సాధనమును చాలును. ఆ సాధనము చూచుటకు ఆరెనే పోలియుండును. ఏ వస్తువు ఆతని చూపును హరించెనో, అట్టి వస్తువే అంధుల చేతికి లేఖినియైనది.

1829లో లూయీ తన పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించెను. అందు మాటలనే కాక సంగీతమునుగూడ చుక్కలతో వ్రాయు విధము చెప్పబడెను. మొదట చుక్కలతోపాటు చిన్న గీతలును అందు గలవు. అవి వ్రాయుటకు కష్టమని తెలిసి, 1837 ముద్రణమున వానిని విడిచిపెట్టెను. ఆతడు తాను చదివిన పాఠశాలయందే ఉపాధ్యాయుడయ్యెను. ఆర్గన్ వాద్యమున నిపుణుడై పారిస్ నగరపు చర్చిలలో వాయించుచుండెను.

ఇంతటి మేలైన లిపికి ఆదరము మాత్రము సులభముగా లభింపలేదు. చూపుగల ఉపాధ్యాయులకు అది క్రొత్త. కంటికి అర్థము కానిది. అంధులకు వేఱు లిపి యుండిన వారు లోకమునకు దూరమగుదురని కొందఱు వాదించిరి. 1840లో ద్యుఫో యనునాతడు పాఠశాలకు అధ్యక్షుడయ్యెను. ఆతడు చుక్కల లిపిని అంగీకరింపక పాఠశాలలో నిషేధించెను. కాని ఒకమాఱు తన చేతితో తాను వ్రాసికొని, తన వ్రేలితో తాను చదువుకొన్నవాడు ఆ సుఖమును విడువగలడా? విద్యార్థులు రహస్యముగా ఆ లిపినే వాడుచుండిరి. పెద్దవారు చిన్నవారికి చాటుగా నేర్పుచుండిరి. ఉపాధ్యక్షుడగు గాదే యనునాతడు ఈ పట్టుదలను చూచి లిపి విలువను గుర్తించి, అధ్యక్షునకు నచ్చజెప్పెను. 1844 ఫిబ్రవరిలో పాఠశాలకు క్రొత్త భవనము ప్రారంభింపబడినప్పుడు, సభలోనివారి యెదుట విద్యార్థులు చుక్కల లిపిలో వ్రాసియు చదివియు చూపిరి. నిషేధము తొలగెను.

అంధులు లోకమునకు దూరమగుదురన్న ఆక్షేపణను లూయీ త్రోసిపుచ్చలేదు. తన లిపిలో వ్రాసిన జాబును చూపుగలవారు చదువలేకుండుట నిజమే. కావున 1839లో మఱియొక పద్ధతిని కల్పించి, చూపుగలవారి అక్షరముల రూపమునే చుక్కలతో కూర్చు విధమును కనిపెట్టెను. పియెర్ ఫూకో యను అంధమిత్రుడు 1841లో దానికి తగిన యంత్రమును నిర్మించెను. దాని సాయముతో అంధుడు వ్రాసిన జాబును ఇంటివారు కంటితోనే చదువుకొనగలిగిరి. చూపుగల లోకమునకును చూపులేని లోకమునకును నడుమ యంత్రమును వంతెనగా నిలుపు ప్రయత్నము ఆనాడే ఆరంభమైనదని చెప్పవచ్చును.

యౌవనమునందే లూయీని క్షయరోగము పట్టుకొనెను. మందులు లేని ఆ రోగముతో పెక్కేండ్లు పోరాడి, 1852 జనవరి 6వ తేదీన, నలువదిమూడేండ్లు నిండిన రెండు దినములకే ఆతడు కన్నుమూసెను. రెండేండ్ల పిదప, 1854లో, ఆ పాఠశాల ఆతని లిపిని అధికారపూర్వకముగా స్వీకరించెను. కాలక్రమమున అది అనేక దేశములకు వ్యాపించెను. 1952లో ఫ్రాన్సు దేశీయులు ఆతని అస్థులను పారిస్ లోని పాంథియోన్ అను మహాపురుషుల స్మారకమందిరమునకు గౌరవముతో చేర్చిరి. చేతులను మాత్రము కూవ్రే గ్రామమునందే ఉంచిరి. ఆ గ్రామస్థులకు ఆ చేతులే ధనము.

మన దేశమున 1951లో భారతీయభాషల కన్నిటికి ఉమ్మడిగా భారతి బ్రెయిల్ ఏర్పడెను. అందు ఉచ్చారణనుబట్టి గుర్తులు నిర్ణయింపబడినవి. తెలుగు బాలుడు అకారమునకు ఏ చుక్కను తడవునో, హిందీ బాలుడును దానినే తడవును. ఆతని ద్విశతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము 2009లో రెండు రూపాయల నాణెమును వెలువరించెను. జనవరి 4వ తేదీని ఐక్యరాజ్యసమితి 2019 నుండి ప్రపంచ బ్రెయిల్ దినముగా జరుపుచున్నది.

లూయీ ఆరంభించిన పని నేడు క్రొత్త మార్గములు త్రొక్కినది. చుక్కల లిపిలో అచ్చయిన పుస్తకములు అచ్చుపుస్తకములలో కొద్దిపాలు మాత్రమే. తక్కినవానిని అంధులకు అందించుట యెట్లు? 1976లో అమెరికాలో రేమండ్ కుర్జ్‌వైల్ యనునాతడు అచ్చుపుటను గుర్తించి, పైకి చదివి వినిపించు యంత్రమును ప్రకటించెను. పెద్ద పెట్టె వంటి ఆ యంత్రపు పని నేడు అఱచేతి ఫోనులో ఇమిడిపోయినది. దీనికి మూలము కృత్రిమ మేధ యను శాస్త్రము. బాలునకు వస్తువులను మరల మరల చూపి పేర్లు నేర్పినట్లు, యంత్రమునకు లక్షలకొలది చిత్రములు చూపి, గుర్తుపట్టుట నేర్పుదురు. అంతట అది ఫోను కెమెరా యెదుట నున్న వస్తువును, వ్రాతను, మనిషిని పోల్చుకొని మాటలతో చెప్పును. భారత రిజర్వు బ్యాంకు 2020లో మణి యను సాధనమును వెలువరించెను. అది అంధుని చేతిలోని నోటు విలువను ఫోనుద్వారా తెలుపును. డెన్మార్కు దేశమున చూపు మందగించిన యొకాతడు తలపెట్టిన బీ మై ఐస్ అను సేవ 2015లో మొదలయ్యెను. అందు దూరమున నున్న స్వచ్ఛంద సేవకులు కెమెరాద్వారా చూచి అంధులకు సాయపడుదురు. 2023 నుండి అందు కృత్రిమ మేధయు చేరి, చిత్రములను వర్ణించి చెప్పుచున్నది.

ఈ యంత్రములకు హద్దులు కలవు. అవి ఒక్కొక్కప్పుడు లేనిదానిని ఉన్నట్లు చెప్పును. నోటు విలువను చెప్పు మణి, అది మంచిదో దొంగదో తేల్చి చెప్పదు. రోడ్డు దాటువానికి అవి చేతికఱ్ఱకు బదులు కావు. మఱియు వినుట వేఱు, చదువుట వేఱు. మాటలోని అక్షరక్రమమును, గణితపు గుర్తులను, వాక్యములోని విరామములను స్వయముగా తెలిసికొనుటకు చుక్కల లిపియే సాధనము. అందుచే నేటి నేర్పరులు రెంటిని కలిపిరి. కంప్యూటరుకు చేర్చిన పరికరముపై సన్నని మొనలు పైకి లేచి చుక్కలై, తెరమీది వ్రాతను వ్రేలిక్రిందికి తెచ్చును. యంత్రము గుర్తించిన పుటను అంధుడు ఆ విధమున తానే చదువుకొనును.

హాయీ దయాళువు; బార్బియే ప్రతిభావంతుడు. వారి పద్ధతులలో కొఱత యెక్కడ నున్నదో అంధుని వ్రేలికే తెలిసెను. కృత్రిమ మేధ యెంత పెరిగినను, అది ఉపయోగపడుచున్నదా లేదా యని తేల్చవలసినవారు దానిని వాడు అంధులే. వారిని అడుగక చేసిన సాధనము ఎంత గొప్పదైనను, హాయీ పుస్తకమువలె బరువుగా మిగిలిపోవచ్చును. లూయీ జీవితము మనకు ఈ సత్యమును బోధించుచున్నది.