ఆగస్ట్ వోలర్

ఆగస్ట్ వోలర్ (1819 జూన్ 22 - 1914 మార్చి 21) జర్మనీకి చెందిన ప్రముఖ రైల్వే ఇంజనీరు. లోహపు భాగాలు పదే పదే భారానికి లోనైతే ఎలా విరుగుతాయో క్రమబద్ధమైన ప్రయోగాలతో నిరూపించాడు. యూరియాను తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ వేరు, ఈయన వేరు.

జననం, ఉద్యోగం

వోలర్ హానోవర్ రాజ్యంలోని సోల్టౌ పట్టణంలో జన్మించాడు. హానోవర్‌లో సాంకేతిక విద్యనభ్యసించి, బెర్లిన్‌లోని బోర్సిగ్ రైలింజన్ల కర్మాగారంలో పనిచేశాడు. 1847లో దిగువ సైలీషియా - మార్క్ రైల్వేలో చేరి, ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంజన్లు, పెట్టెలు, మరమ్మతు కర్మాగారాల బాధ్యతను స్వీకరించాడు.

ఇరుసుల సమస్య

ఆ కాలంలో రైలు ఇరుసులు ముందస్తు సూచన లేకుండా విరిగిపోయేవి. 1842 మే 8న ఫ్రాన్సులోని వెర్సాయి నుండి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, మంటలు చెలరేగి, 50 మందికి పైగా మరణించారు. పెట్టెల తలుపులకు బయట తాళాలు వేసి ఉండటంతో చాలామంది తప్పించుకోలేకపోయారు. ఇరుసులు మోయవలసిన బరువు ఇనుము తట్టుకోగలిగిన దానికంటే చాలా తక్కువ. అయినా కొంతకాలం వాడిన తరువాత అవి విరిగేవి. బరువును ఒక్కసారి వేసి చూసే పరీక్షలో ఈ ప్రమాదం బయటపడేది కాదు.

ప్రయోగాలు

తిరుగుతున్న ఇరుసులో బరువు వలన ఒక పక్క సాగుతుంది, ఎదుటి పక్క నొక్కుకుంటుంది. అర చుట్టు తిరిగేసరికి ఇది తారుమారవుతుంది. అంటే ప్రతి చుట్టుకూ ఇరుసు ఒకసారి అటూ ఇటూ వంగినట్లే. వోలర్ ముందుగా నడుస్తున్న రైళ్ళలో ఇరుసులు ఎంత వంగుతున్నాయో స్వయంగా తయారుచేసిన పరికరాలతో కొలిచాడు. తరువాత స్ప్రింగుల ద్వారా భారం వేస్తూ నమూనాలను తిప్పే యంత్రాలను నిర్మించాడు. కొన్ని నమూనాలను కోటి చుట్లకు పైగా తిప్పాడు. 1870లో వెలువరించిన ఫలితాలలో ముఖ్యమైనవి ఇవి:

* ఒక్కసారికి విరగని భారం కూడా అనేకమార్లు పడితే లోహాన్ని విరచగలదు.
* గరిష్ఠ ప్రతిబలం కంటే, ప్రతిబలం ఎంత మేరకు మారుతూ ఉంటుందన్నది ముఖ్యం.
* ఇనుము, ఉక్కులలో ఈ మార్పు ఒక పరిమితికి లోపు ఉంటే నమూనా విరగదు.
* మందం ఒక్కసారిగా మారే పదునైన మూలల వద్ద భాగం బలహీనపడుతుంది.

వోలర్ తన ఫలితాలను పట్టికలుగానే ఇచ్చాడు. ప్రతిబలానికి, విరిగేలోపు పట్టే చుట్ల సంఖ్యకు గల సంబంధాన్ని చూపే రేఖను ఇతరులు తరువాత గీశారు. అయినా దానిని వోలర్ రేఖ అనే పిలుస్తారు.

చివరి దశ

1874 నుండి ఆల్సేస్ - లొరైన్ రైల్వేలో పనిచేసి, 1889లో పదవీ విరమణ చేశాడు. 94 ఏళ్ళ వయసులో హానోవర్‌లో మరణించాడు.

ప్రభావం

రోడ్డు వాహనాలకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. కారు సస్పెన్షను భాగాలు ప్రతి గుంతకూ, ప్రతి మలుపుకూ వంగుతూ ఉంటాయి. అందువలన కొత్తగా తయారుచేసిన భాగం బరువు మోసినంత మాత్రాన సురక్షితమని చెప్పలేము. కార్లకు మార్చి బిగించే చక్రాల ఆమోదానికి సంబంధించిన ఐక్యరాజ్యసమితి 124వ నిబంధనలో తిప్పుతూ వంచే పరీక్ష ఒకటి. వోలర్ ఇరుసులకు చేసిన పరీక్ష సూత్రం కూడా ఇదే.