యూజీన్ ఈలీ

బొల్లారమున అట్టతో ఓడ నమూనాలు చేయు బాలబాలికలారా, ఇసుకసంచులను మరువకుడు.

యూజీన్ ఈలీ 1886వ సంవత్సరమున అమెరికాలోని ఐయోవా రాష్ట్రమునందు జన్మించెను. 1910 నవంబరు 14వ తేదీన బర్మింగుహాము అను యుద్ధనౌకపై కట్టిన 83 అడుగుల చెక్కవేదిక నుండి విమానమును లేపెను. చక్రములు నీటిని తాకినను, క్షేమముగా తీరము చేరెను.

1911 జనవరి 18వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతములో పెన్సిల్వేనియా నౌకపై దిగెను. నౌకపై విమానము దిగుట అదియే ప్రథమము. వేదికకు అడ్డముగా 22 త్రాళ్లు కట్టి, వాని కొనలకు ఇసుకసంచులు తగిలించిరి. విమానము క్రింది కొక్కెములు ఆ త్రాళ్లను పట్టుకొనగా, సంచుల బరువున విమానము నిలిచెను.

అదే సంవత్సరము అక్టోబరు 19వ తేదీన మేకన్ పట్టణమున ఒక ప్రదర్శనమునందు విమానము కూలి మరణించెను. ఇరువదియైదేండ్లు నిండుటకు ఇంకను రెండు దినములుండెను.

ఈలీ ధైర్యము గొప్పది; అయినను ఆనాడు నౌకపై ఆయన ప్రాణమును నిలిపినవి ముందుగా కట్టిన ఆ త్రాళ్లే.