డీఎన్‌ఏ రూపం తెలియకముందే దాని నకలును ఆపిన సుబ్బారావు

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించారు. అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది రక్తక్యాన్సర్ పిల్లల్లో 10 మందికి వ్యాధి కొంతకాలం తగ్గిందని అందులో ఉంది. ఆ మందు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనకు నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే మన కథనాలు ఆగిపోతుంటాయి. ఈ మందు కథ అంతకంటే పెద్దది.

యవ్వనంలోనే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలితీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్ చేరారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నవారిలో ఒకరైనా, అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు పనికొచ్చే మందు అదే. సోదరులకు మాత్రం అందలేదు.

ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలు ఇస్తే లుకేమియా ముదురుతున్నట్టు ఫార్బర్‌కు కనిపించింది. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. అందుకు కావలసిన థైమిన్ తయారీకి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. దాన్ని పోలిన అమినోప్టెరిన్ ఎంజైమ్‌కు అతుక్కుని అసలుదాని పనికి అడ్డుపడుతుంది. థైమిన్ కరువై నకలు ఆగిపోతుంది. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకు దెబ్బ గట్టిగా తగులుతుంది. పేగు పొర కణాలదీ అదే వేగం కాబట్టి వాటికీ తప్పదు.

అప్పటికి డీఎన్‌ఏ జంట మెలిక రూపమే ఎవరికీ తెలియదు. అది బయటపడింది 1953లో. సుబ్బారావు 1948 ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో చనిపోయారు. అమినోప్టెరిన్ స్థానంలో దాని దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్ వచ్చింది. పిల్లల లుకేమియాకు దాన్ని ఇప్పటికీ ఇస్తున్నారు.