గెలిచిన గద్దెను తిరిగి అప్పగించిన బ్రహ్మనాయుడు

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులపాటు కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పల్నాటి పల్లెల నుంచే గాక పొరుగు జిల్లాల నుంచి కూడా జనం తరలి వస్తారు. ఆచారవంతులు తమ ఊళ్ళ నుంచి కొణతాలు మోసుకొచ్చి, నాగులేటిలో వాటికి స్నానం చేయించి వీరుల గుడికి చేరుస్తారు. ఇదంతా ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన ఒక యుద్ధం కోసం. ఆ యుద్ధంలో పరాయి దేశం నుంచి దండెత్తి వచ్చినవాడు ఎవడూ లేడు. ఇరువైపులా నిలిచినవారు ఒక్క తండ్రి బిడ్డలు, వారి అల్లుళ్ళు, వారి ఉప్పు తిన్నవారు. ఆ పోరుకు నడుమ నిలిచిన పెద్దమనిషి మాత్రం రాజు కాదు, మంత్రి. ఆయనే బ్రహ్మనాయుడు.

పల్నాటి కథ ఒక పెళ్ళితో మొదలవుతుంది. హైహయ వంశానికి చెందిన అనుగురాజు ఉత్తరాది నుంచి తీర్థయాత్రలకని ఈ వైపు వచ్చాడు. చందవోలు రాజధానిగా ఏలుతున్న వెలనాటి ప్రభువు తన కూతురు మైలమదేవిని అతనికిచ్చి, పల్నాటిని అరణంగా ముట్టచెప్పాడు. అనుగురాజుకు వెంట వచ్చిన మంత్రి దొడ్డనాయుడు. ఆయన కొడుకే బ్రహ్మనాయుడు. అంటే ఈయనకు మంత్రి పదవి తండ్రి నుంచి వచ్చింది. రాజు బిడ్డల మంచిచెడ్డలు చూసే బాధ్యత కూడా దానితోపాటే వచ్చింది.

అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమదేవి కొడుకు నలగామరాజు పెద్దవాడు. పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు మరో తల్లి బిడ్డలు. నరసింగరాజు మొదలైనవారు మూడో తల్లి కడుపున పుట్టారు. అనుగురాజు పోయాక నలగామరాజు గురజాలలో గద్దె ఎక్కాడు, బ్రహ్మనాయుడు మంత్రిగా కొనసాగాడు. పల్నాటి సీమ తల్లి తరఫున వచ్చింది కాబట్టి అది తనదేనని నలగాముడు అనుకోవచ్చు. తండ్రి ఏలిన రాజ్యం కాబట్టి తమకూ పాలు ఉందని మలిదేవులు అనుకోవచ్చు. రెంటికీ న్యాయం ఉన్నట్టే కనపడుతుంది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగవు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఈ తగవులోకి జిట్టగామాలపాడు నుంచి నాగమ్మ వచ్చింది. ఎండన పడి వచ్చిన రాజుకు, పరివారానికి పందిళ్ళు వేయించి, అన్నపానీయాలు అమర్చి, అందుకు బదులుగా కొన్ని ఘడియల మంత్రిత్వం వరంగా పొందిందని కథ. ఆ కొన్ని ఘడియలు ఎంతకాలానికి సాగాయో లోకానికి తెలుసు. భర్త పోయిన ఒక పల్లెటూరి ఆడది ఆ రోజుల్లో రాజ్యం నడిపిందంటే ఆమె తెలివి సామాన్యమైనది కాదు. కథ చెప్పేవారు ఎక్కువమంది బ్రహ్మనాయుడి పక్షం వారు కావడంతో నాగమ్మకు మాయలమారి అన్న పేరే మిగిలింది. ఆమె శైవం, ఈయన వైష్ణవం అన్న భేదం కూడా ఇందులో పనిచేసింది.

నాగమ్మ రాకతో బ్రహ్మనాయుడు గురజాలలో ఉండలేకపోయాడు. రాజ్యం రెండు ముక్కలైంది. మలిదేవులను వెంటబెట్టుకుని మాచర్ల చేరి, అక్కడ వారికి రాజ్యం నిలబెట్టాడు. చంద్రవంక ఒడ్డున ఉన్న చెన్నకేశవస్వామి ఆలయానికి ఆయన పేరు ముడిపడి ఉన్నది. ఆ స్వామి కొలువులో అన్ని కులాలవారికీ చోటిచ్చాడని, అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని పల్నాడు ఇప్పటికీ చెప్పుకుంటుంది. దానికే చాపకూడు అని పేరు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు నాయకుణ్ణి చేశాడు. పన్నెండో శతాబ్దంలో ఈ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించుకోవచ్చు. ఇంటి పక్కవాడితో కలిసి తినడానికే వెనకాడే రోజులు ఆ తర్వాత కూడా ఎన్నో వందల ఏళ్ళు నడిచాయి.

అంతటి మనిషి కోడిపందెం దగ్గర తప్పటడుగు వేశాడు.

గురజాల కోడికీ, మాచర్ల కోడికీ పందెం. మాచర్ల కోడి పేరు చిట్టిమల్లు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని ఒడంబడిక. చిట్టిమల్లు ఓడింది. నాగమ్మ మోసం చేసిందని కథకులు అంటారు. మోసమే జరిగి ఉండవచ్చు. కాని ఒక రాజ్యాన్ని, దాన్ని నమ్ముకున్న వేలమంది బతుకును కోడి కాలికి కట్టిన కత్తిమీద పెట్టడానికి ఒప్పుకున్నది ఎవరు? ఆ సంగతి కథకులు తొందరగా దాటేస్తారు. పౌరుషం ముందు మంత్రి వివేకం ఆ ఒక్కనాడు తలవంచింది. దాని వెల మాత్రం నాగులేటి ఒడ్డున చెల్లించవలసి వచ్చింది.

మాట ప్రకారం మలిదేవులు మందలతో, పరివారంతో వలస పోయారు. త్రిపురాంతకం దగ్గరి మేడపిలో కొంతకాలం తలదాచుకున్నారు. వలసలో ఉన్నా వారిని ప్రశాంతంగా ఉండనివ్వలేదు. వారి పశువుల మందల మీద దాడి జరిగింది, మందలు కాచేవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గడువు తీరాక తమ పాలు తమకిమ్మని అడగడానికి అలరాజును గురజాలకు రాయబారం పంపారు. అలరాజు కొమ్మరాజు కొడుకు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. కూతురి పసుపుకుంకుమల కోసమైనా మామ మెత్తబడతాడని బ్రహ్మనాయుడు తలచి ఉంటాడు. అలరాజు తిరిగి రాలేదు. చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైపోయాడు. నలగాముని కూతురు పేరిందేవి భర్తతో సహగమనం చేసింది. ఇక మాటలకు తావు లేకపోయింది.

కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున రెండు పక్షాల సేనలు దిగాయి. ఇది 1180 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారుల అంచనా. యుద్ధరంగంలో దిగాక కూడా బ్రహ్మనాయుడు సంధికే మొగ్గు చూపాడు. ఒక్కగానొక్క కొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధానికి దూరంగా ఇంటి దగ్గరే ఉంచాడు. ఆ కుర్రవాడు బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి ఒక యువతి కాలికి తగిలింది. పెద్దలంతా పోరుకు పోతే నీకు ఆటలేమిటని ఆమె నిలదీసింది. ఆ మాటతో అతను తల్లి ఐతాంబ దగ్గర, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని కారంపూడి చేరాడు. తండ్రి సంధి ప్రయత్నం కొడుకు పౌరుషం ముందు నిలవలేదు. పోరులో బాలచంద్రుడు నరసింగరాజును కడతేర్చి తానూ ఒరిగిపోయాడు. ఏ బిడ్డను కాపాడుకోవాలని చూశాడో ఆ బిడ్డనే పోగొట్టుకున్నాడు బ్రహ్మనాయుడు. ఏ మలిదేవుల కోసం ఇంత చేశాడో ఆ మలిదేవులూ మిగల్లేదు.

చివరికి గెలుపు బ్రహ్మనాయుడిదే. కాని గెలిచిన రాజ్యాన్ని ఏలడానికి ఆయన పక్షాన అన్నదమ్ములు ఎవరున్నారు? కావాలంటే తానే ఏలుకోవచ్చు, అడ్డు చెప్పగలవారు లేరు. ఆ పని చేయలేదు. అలరాజును, కొడుకును, వందలాది వీరులను పోగొట్టుకున్న తర్వాత కూడా నలగామరాజును పిలిచి పల్నాటి గద్దె తిరిగి అప్పగించాడు. నాగమ్మను క్షమించి విడిచిపెట్టాడు. కొడుకు శవం ఇంకా కళ్ళముందు ఉండగానే ఈ నిర్ణయం తీసుకున్నాడు. చాపకూడు కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది. కోడిపందెం నాడు తప్పిన వివేకం ఆయనకు తిరిగి వచ్చింది గాని, ఆలస్యంగా వచ్చింది.

ఈ పోరులో పల్నాటితోపాటు వెలనాటి బలం కూడా చితికిపోయింది. తర్వాత కొద్ది కాలానికే కాకతీయ గణపతిదేవుడి ఏలుబడి కోస్తా వరకు సాగింది. అన్నదమ్ములు కొట్టుకుంటే లాభపడినవారు ఓరుగల్లువారు.

యుద్ధం జరిగిన రెండు వందల యాభై ఏళ్ళకు శ్రీనాథుడు ఈ కథను ద్విపదలో రాశాడు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. సినిమాలు కూడా వచ్చాయి: 1947లో గోవిందరాజుల సుబ్బారావు, 1966లో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడి వేషం కట్టారు. అయితే పుస్తకాలు, సినిమాలు రాకముందు నుంచీ ఈ కథను నోటితో మోసుకొచ్చినవారు వీరవిద్యావంతులు. చదువు రాని పల్లెలకు సైతం బాలచంద్రుడు, మాంచాల ఇంటి మనుషుల్లా తెలిసి ఉండడానికి వారే కారణం.

కారంపూడి ఉత్సవాల వరుస రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కథలో కోడిపందెం ముందు, రాయబారం తర్వాత. ఉత్సవంలో రాయబారం ముందు వచ్చి కోడిపోరు నాలుగో రోజున పడుతుంది. ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. మందపోరు నాడు చాపకూడు పెడతారు, కులం అడగకుండా ఒక వరుసన కూర్చుని తింటారు. ఆఖరి రోజు కళ్ళిపాడు, అంటే వీరులు నేలకొరిగిన రోజు.

బ్రహ్మనాయుడు మాత్రం కారంపూడి నేలమీద ఒరగలేదు. గద్దె అప్పగించిన తర్వాత ఆయన పిడుగురాళ్ళ వైపున ఉన్న గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్ళిపోయాడని, మళ్ళీ బయటికి రాలేదని పల్నాటి ప్రతీతి. బిలం చూడడానికి వెళ్ళినవారికి లోపలి చీకటి దారుల్లో నీటి మడుగులు కనిపిస్తాయి. అందులో ఏ దారిన నాయుడు వెళ్ళాడని అక్కడి పెద్దలను పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు.