రచ్చకట్టపై స్త్రీ మాట: దుర్గాబాయి జీవితము

పెనుకొండ కోటగోడల నీడనున్న పల్లెలలో గాని, ధర్మవరపు మగ్గముల వీధులలో గాని, హిందూపురము చుట్టునున్న వేరుసెనగ చేల నడిమి ఊళ్ళలో గాని ఇంటి తగవు వీధికెక్కినపుడు అది మొదట చేరెడి చోటు న్యాయస్థానము కాదు, రచ్చకట్ట. చెట్టునీడన, రాతి అరుగుపై నలుగురు పెద్దమనుషులు కూర్చుండి, ఇరువైపులవారిని పిలిపించి, మాట విని తగవు తీర్చుట ఈ సీమలో తరతరములుగా వచ్చిన ఆచారము. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామసు మన్రో ఈ ఆచారపు విలువను గుర్తించెను. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన నిబంధనలు గ్రామ పంచాయతీలకు చట్టబలమును గూడ నొసగినవి.

గట్టు తగవు, నీటి తగవు, పశువుల తగవు ఆ అరుగుపై తీరినంత చక్కగా ఆలుమగల తగవు మాత్రము తీరెడిది కాదు. కారణము స్పష్టమే. అరుగుపై కూర్చున్నవారందరును పురుషులు. ఆడుబిడ్డ పక్షమున మాటాడువాడు ఆమె తండ్రియో, అన్నయో. ఆమె మాత్రము దూరముగా, తల వంచుకొని నిలుచుండెడిది. తుదకు వెలువడు తీర్పు తరచుగా ఒక్కటియే: సర్దుకొని పొమ్మనుట. ఆ తీర్పుతో ఊరు శాంతించెను. ఆమె ఇల్లు శాంతించెనా యని అడిగినవారు లేరు.

ఈ లోపమును తన బ్రతుకులోనే గుర్తించి, దాని పరిహారమునకు జీవితకాలము శ్రమించిన తెలుగు స్త్రీ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె ఈ సీమలో పుట్టినది కాదు. అయినను ఆమె ఆలోచన నుండి మొలకెత్తిన సంస్థలును, చట్టములును ఈ సీమలోని ప్రతి గడపకును చెందినవి.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యము కాకినాడలో గడచినది. ఆనాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము జరిగెను. ఈడు వచ్చి, వివాహమన నేమియో తెలిసిన పిమ్మట ఆమె ఆ కాపురమునకు పోనొల్లక, ఆ మాటను భర్తతోనే చెప్పి, వేరొక కన్యను వివాహమాడుమని కోరెను. తండ్రియు, సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. నిందలు లేవు, వీధికెక్కుట లేదు. ఏండ్లు గడచి ఆ భర్త మరణించిన తరువాత అతని రెండవ భార్య దుర్గాబాయి చెంతకే చేరి, చేతిపని నేర్చి, తన కాళ్ళపై తాను నిలిచెను. ఒక తగవు సరిగా తీరినదా లేదా యనుటకు ఇంతకు మించిన గీటురాయి యుండదు. గెలిచినవారు, ఓడినవారు అను భేదము లేక, ఆ తగవు నీడ పడిన మూడవ మనిషికి గూడ దారి దొరికినది. ఆ ఇంట ఆడుపిల్ల మాట వినబడినందువలననే అది సాధ్యమయ్యెను.

తనకు లభించిన ఆ భాగ్యము ఇతర స్త్రీలకు లేదని ఆమె చిన్ననాడే గ్రహించెను. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు దేవదాసీలును, ఘోషాలోని ముస్లిం స్త్రీలును ఆయన మాట వినవలెనని ఆమె తలచెను. ఐదువేల రూపాయల నిధి సమకూర్చినచో అందుకు కొంత సమయమిత్తుమని పెద్దలు చెప్పగా, పండ్రెండేండ్లు నిండని ఆ బాలిక ఆ స్త్రీలతోనే కలిసి ఆ ధనమును సమకూర్చెను. మహాత్ముడు వచ్చి మాటాడెను. ఆయన హిందూస్తానీ ప్రసంగమును ఆమెయే తెనిగించెను. సభకు రాజాలని స్త్రీల యొద్దకు సభనే తీసికొనిపోవుట ఆమె చేసిన మొదటి ప్రజాకార్యము.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున ఆమె ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నుండెను. చీటీ లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ చీటీ లేక రాగా ఆయనను సైతము ఆపి, చీటీ కొన్న పిమ్మటనే లోనికి పంపెను. ఈ కథను బడిపిల్లలకు క్రమశిక్షణ నేర్పుటకై చెప్పుట వాడుక. అందు మరియొక నీతియు గలదు. మనిషి హోదా చూచి నియమమును సడలించువాడు తగవు తీర్చుటకు తగడు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున మద్రాసులో పాల్గొని ఆమె చెరసాలకు పోయెను. 1933 లోపల మూడుమారులు శిక్ష ననుభవించెను. మధుర చెరసాలలో ఏకాంత నిర్బంధము గూడ ఆమెకు తప్పలేదు. వెల్లూరు, మధుర చెరసాలలలో ఆమె చూచిన దృశ్యము ఆమె జీవితపు దారిని మార్చినది. అక్కడి సాధారణ ఖైదీ స్త్రీలలో పలువురు చదువురానివారు. తమపై మోపిన నేరమేమో, తాము ఒప్పుకొన్నదేమో, వేలిముద్ర వేసిన కాగితములో ఏమున్నదో వారికి తెలియదు. చేయని నేరమును చేసినట్లు ఒప్పుకొన్నవారును వారిలో నుండిరి. వారికొరకు న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయము తేలికైనది కాదు. బడిచదువే పూర్తికాని ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండెను. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదివి పట్టము పొందెను. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును గైకొని న్యాయవాదిగా నిలిచెను. ఈ నడుమనే, 1937లో, మద్రాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పెను. చదువు మానిన వయోజన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచుట ఆ సభ తొలినాటి పనులలో ముఖ్యమైనది.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. అధ్యక్షుడు లేనపుడు సభను నడుపు అధ్యక్షవర్గమున ఆమె యొక్కతెయే స్త్రీ. హిందూ స్మృతి బిల్లు చర్చకు వచ్చినపుడు స్త్రీ ఆస్తిహక్కును ఆమె గట్టిగా సమర్థించెను. ఆస్తిలేని స్త్రీ రచ్చకట్ట యెదుట నిలిచినపుడు ఆమె ముందున్న దారి యొక్కటియే. ఏ షరతు పెట్టినను తలయొగ్గి మెట్టినింటికి మరలుట. హక్కు గల స్త్రీయే సమానురాలిగా సంధి చేసికొనగలదు.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యెను. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ ఏడాదియే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షురాలయ్యెను. 1953లోనే ఆమె చైనా దేశమును సందర్శించెను. అక్కడ కుటుంబ వివాదములను విచారించు ప్రత్యేక న్యాయస్థానములను చూచి వచ్చి, అట్టివి మనకును కావలెనని చెప్పిన మొదటి వ్యక్తి ఆమెయే. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులైన చాగ్లా, గజేంద్రగడ్కరులతోను, ప్రధాని నెహ్రూతోను ఈ విషయమును చర్చించెను.

సాధారణ న్యాయస్థానము ఒక పోరుక్షేత్రము. ఒకరు గెలువవలెనన్న వేరొకరు ఓడవలెను. భూమి తగవునకు ఆ పద్ధతి చెల్లును గాని, బిడ్డలున్న ఇంటికి చెల్లదు. గెలిచిన తల్లిదండ్రులకును బిడ్డ అదే, ఓడినవారికిని బిడ్డ అదే. రచ్చకట్టలోని చనువు, దగ్గరతనము ఉండవలెను. న్యాయస్థానములోని చట్టజ్ఞానము, నిష్పాక్షికత ఉండవలెను. ఈ రెండును కలిసిన చోటే కుటుంబ న్యాయస్థానమను భావనకు మూలము.

స్త్రీకి పీఠమిచ్చినంత మాత్రమున చాలదనియు, ఆ పీఠమునకు తగిన విద్య నేర్పవలెననియు ఆమెకు తెలియును. 1958లో సంక్షేమ మండలి ప్రారంభించిన సంక్షిప్త విద్యాక్రమము ఈ ఎరుక ఫలమే. చదువు నడుమనే ఆగిన స్త్రీలకు రెండేండ్లలో పరీక్షాయోగ్యత కలిగించి, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా, దాదులుగా తీర్చుట దాని ఉద్దేశము. స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలై 1959లో నివేదిక సమర్పించెను. 1975లో పద్మవిభూషణ బిరుదము ఆమెను వరించినది.

కుటుంబ న్యాయస్థానముల విషయము మాత్రము నెమ్మదిగా నడచినది. 1974లో న్యాయ సంఘము తన 59వ నివేదికలో కుటుంబ వివాదములకు వేరు పద్ధతి కావలెనని చెప్పెను. 1976లో సివిలు ప్రక్రియాస్మృతిలో అందుకొక ప్రకరణము చేరినది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూసెను. ఆమె తలపెట్టిన చట్టము 1984లో, ఆమె పోయిన మూడేండ్లకు వెలువడినది. ఆ నడుమ, 1983లో, ఆమె తీర్చిన సంక్షేమ మండలి కుటుంబ సలహా కేంద్రములను ప్రవేశపెట్టెను.

1984 నాటి చట్టము చదివినచో దాని వెనుకనున్న చేయి కనబడును. తీర్పునకు ముందు రాజీకై యత్నించుట న్యాయస్థానపు విధి. న్యాయమూర్తుల నియామకమున స్త్రీలకు ప్రాధాన్యమీయవలెను. సలహాదారుల సాయమును, సంఘసేవా సంస్థల సాయమును పొందవచ్చును. న్యాయవాది లేకయే కక్షిదారు స్వయముగా మాటాడవచ్చును. దూరముగా తల వంచుకొని నిలిచిన ఆ స్త్రీకి ఇప్పుడు నోరు వచ్చినది.

అయితే చట్టము నగరములోని న్యాయస్థానముకడనే ఆగిపోరాదు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టమున సమాజ మధ్యవర్తిత్వమునకు ఒక అధ్యాయము గలదు. ముగ్గురు మధ్యవర్తుల బృందము, అందు స్త్రీల ప్రాతినిధ్యము దానిలో పేర్కొనబడినవి. రచ్చకట్ట మరల చట్టపు గడప తొక్కినది. కావున ఆ అరుగుపై కూర్చుండువారికి నేర్పవలసినదేమి యను ప్రశ్నయు మరల లేచినది. దుర్గాబాయి జీవితమే దానికి పాఠ్యగ్రంథము.

ఆమె స్వంత వివాహపు తగవు నేర్పు పాఠము మొదటిది: స్త్రీ మాటను ఆమె నోటనే వినవలెను, అత్తమామలు, భర్త ఎదుట నుండగా గాక, విడిగా, నిర్భయముగా చెప్పనీయవలెను. వెల్లూరు చెరసాల నేర్పు పాఠము రెండవది: చదివి వినిపించని కాగితముపై వేలిముద్ర వేయింపరాదు. కాకినాడ ద్వారము నేర్పునది మూడవది: ఎంత పెద్దింటివాడైనను నియమ మొక్కటే. స్మృతి బిల్లు చర్చ నేర్పునది నాల్గవది: మధ్యవర్తికి హక్కులు తెలిసియుండవలెను. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ కూతురికి ఉమ్మడి ఆస్తిలో భాగ మిచ్చినదని తెలియని పెద్దమనిషి, ఆమెకు పసుపుకుంకుమల పేర ఏదో కొంత ఇప్పించి న్యాయము చేసితిననుకొనును. దెబ్బలు తగిలిన చోట బేరమునకు తావు లేదనుట మరియొక పాఠము. 2005 నాటి గృహహింస చట్టము స్త్రీకి రక్షణ కల్పించినది. అట్టి తగవున మొదట చూడవలసినది ఆమె క్షేమము, పిమ్మటనే సంధి.

ధర్మవరమునందే ఒక ఉదాహరణము చూడవచ్చును. పట్టుచీర మగ్గముపై కూర్చుండి నేయువాడు భర్త కావచ్చును. నూలు చుట్టుట, కండెలు పట్టుట మొదలైన పనులలో భార్య చేయి లేనిదే చీర దిగదు. కూలి డబ్బు మాత్రము ఒక్కని చేతికి వచ్చును. ఇట్టి ఇంట తగవు వచ్చినపుడు, ఆమె యేమి సంపాదించినదని అడుగు మధ్యవర్తికి మగ్గమే తెలియదన్నమాట. స్త్రీపురుషుల స్థితిభేదమును ఎరుగుట యనగా స్త్రీ పక్షము వహించుట కాదు. త్రాసును పట్టుకొనుటకు ముందు దాని పళ్ళెములు సరిగా నున్నవో లేవో చూచుటయే.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో స్త్రీలకు స్థానములు కల్పించినది. అయినను స్త్రీ సర్పంచి యుండగా ఆమె భర్త మాటాడుట పల్లెలలో చూడని దృశ్యము కాదు. పీఠము వచ్చినది, పలుకు రావలసియున్నది. ఆ పలుకు పుట్టుకతో వచ్చునది కాదు. చదువువలన, అభ్యాసమువలన, తోటివారి అండవలన వచ్చును. ఆ నమ్మకముతోనే దుర్గాబాయి బడులను, సభలను, కేంద్రములను నెలకొల్పెను.

పెనుకొండ ప్రాంతపు బడిలో నేడు చదువుచున్న బాలిక రేపు తన ఊరి రచ్చకట్టపై కూర్చుండవచ్చును. ఆనాడు ఆమె యెదుటికి వచ్చిన స్త్రీ తల యెత్తి తన మాట చెప్పగలిగినచో, ఆ మాట ముగియువరకు అక్కడి పురుషులు ఓపికతో వినగలిగినచో, దుర్గాబాయి జీవితకాలపు శ్రమ ఫలించినట్లే.