రాళ్లను చదివిన మేరీ ఆనింగ్

సముద్రతీరంలో రాయి కాలికి తగిలితే మనం ఏం చేస్తాం? పక్కకు నెట్టి సాగిపోతాం. అలాంటి రాళ్లలోనే ఒక పేద బాలిక తన కుటుంబానికి అన్నం వెదికింది. లోకం ఎరుగని జీవులను వెలుగులోకి తెచ్చింది.

మేరీ ఆనింగ్ 1799లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న లైమ్ రెజిస్‌లో జన్మించింది. తండ్రి వడ్రంగి. కాంగ్రిగేషనల్ సంఘానికి చెందిన కుటుంబం. ఆ సంఘపు సండేస్కూల్లోనే ఆమె చదవడం నేర్చుకుంది. 1810లో తండ్రి అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. శిలాజాలు ఏరి అమ్మడమే ఆ ఇంటికి ఆధారమైంది.

ఆ ఊరి కొండచరియల్లో బూడిదరంగు సున్నపురాయి, మెత్తని మట్టిరాయి పొరలు పొరలుగా ఉంటాయి. దాదాపు 20 కోట్ల ఏళ్ల క్రితం సముద్రం అడుగున పేరుకున్న బురద అలా గట్టిపడింది. అందులో కూరుకుపోయిన గుల్లలు, ఎముకలు శిలాజాలయ్యాయి. మెత్తని పొరల్లో అవి తరచుగా నలిగి చదునైపోతాయి. సున్నపురాతిలోనైతే వాటి ఆకారం బాగా నిలుస్తుంది. రాతి అంచున చుట్టలు తిరిగిన గీత కనిపిస్తే అమ్మోనైట్. తూటాలా కోసుగా ఉంటే కణవలకు దూరపు చుట్టమైన బెలెమ్నైట్. శీతాకాలపు తుపాన్లకు చరియ విరిగిపడితే, అలలు లాక్కుపోకముందే మేరీ అక్కడికి చేరేది.

1811లో అన్న జోసెఫ్ ఒక పెద్ద పుర్రెను కనుగొన్నాడు. మరుసటి ఏడు మిగిలిన అస్థిపంజరాన్ని మేరీ వెదికి పట్టింది. అది ఇక్తియోసార్. 1823లో ఆమెకు పూర్తి ప్లీసియోసార్ దొరికింది. అంత పొడవైన మెడ ఉంటుందా అని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే అనుమానించాడు. నకిలీ అన్న ముద్ర పడితే ఆమె జీవనాధారమే పోయేది. చివరకు అది నిజమైనదేనని ఆయనే ఒప్పుకున్నాడు.

1833లో చరియ కూలి, ఎప్పుడూ వెంట తిరిగే ఆమె కుక్క కళ్లెదుటే చనిపోయింది. అయినా ఆమె పని మానలేదు. ఆమె తీసిన శిలాజాలపై పండితులు వ్యాసాలు రాశారు. వాటిలో తరచుగా ఆమె పేరే ఉండేది కాదు. లండన్ జియలాజికల్ సొసైటీ అప్పట్లో స్త్రీలను చేర్చుకునేది కాదు. 1847లో రొమ్ము క్యాన్సర్‌తో మేరీ మరణించింది.

1850లో, ఆమె చివరి కాలంలో ఆరాధించిన సెయింట్ మైకేల్ ఆలయంలో రంగుటద్దాల కిటికీ వెలిసింది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగులను పరామర్శించడం వంటి కరుణాకార్యాలు అందులో చిత్రించారు. దానికి తోడ్పడినవారిలో ఆ సొసైటీ సభ్యులూ ఉన్నారు. బ్రతికుండగా దొరకని చోటు మరణించాక అద్దంలో దొరికింది.

మన సంఘాల్లోనూ చేతులు ఒకరివి, పేరు మరొకరిది కావడం లేదా? అలాంటివారికి కిటికీలు తర్వాత కట్టవచ్చు. ముందు, వారు మన మధ్య ఉండగానే పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందాం.